సముద్రం ఆమ్లీకరణ పాఠానికి ఏ ప్రయోగం? వెనిగర్, సోడా, ఫినాల్ రెడ్, తూకం, మీటరు: గంజాం తీరం బడులకు ఎంపిక సలహా

ఒడిశాలోని గంజాం తీరంలో తెలుగు మాట్లాడే జాలరి పేటల నుంచి బడికొచ్చే పిల్లలకు పీహెచ్ (నీరు ఎంత ఆమ్లమో, ఎంత క్షారమో చెప్పే అంకె, ఏడు మధ్యస్థం) కొత్త మాట కాదు. పుస్తకంలో చదవకముందే రొయ్యల చెరువు గట్టు మీద "పొద్దున పీహెచ్ పడిపోయింది, సున్నం చల్లాలి" అనడం విని ఉంటారు. గోపాల్‌పూర్, ఆర్జిపల్లి, సోనపూర్ ఇసుకలో గుల్లలు ఏరుకుంటూ పెరిగినవాళ్లు. ఇంత దగ్గరి విషయమైనా సముద్రం ఆమ్లీకరణను, అంటే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి సముద్రపు నీటి పీహెచ్ తగ్గడాన్ని, తరగతిలో చెప్పాల్సి వచ్చేసరికి మాత్రం చాలామంది టీచర్లు ఒకే దారి పడతారు: గ్లాసులో వెనిగర్ పోసి, అందులో ఓ చిప్ప వెయ్యడం. నురగ పొంగుతుంది, పిల్లలు ఆశ్చర్యపోతారు, పీరియడ్ అయిపోతుంది. ఇంటికెళ్లి "సముద్రం వెనిగర్ అయిపోతోందట, గుల్లలన్నీ కరిగిపోతాయట" అని చెబుతారు. ఆ రెండు మాటలూ తప్పే.

కాబట్టి ప్రయోగాన్ని ఎంచుకునేటప్పుడు ఎంత బాగా కనిపిస్తుందన్నది కాదు, పిల్లల బుర్రలో చివరికి ఏ మాట మిగులుతుందన్నది చూడాలి. ఇక్కడ అయిదు పద్ధతుల్ని ఆ లెక్కలోనే పోల్చాం.

ముందు విషయం తేల్చుకుందాం

కర్మాగారాల యుగం మొదలవకముందు గాలిలో పది లక్షల వంతులకు సుమారు 280 వంతులున్న కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మనం వదిలేదాంట్లో దాదాపు పావు వంతును సముద్రం పీల్చుకుంటోంది. నీటిలో కలిసిన ఆ వాయువు కార్బానిక్ ఆమ్లమై హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. దాంతో సముద్రం పైపొర నీటి సగటు పీహెచ్ 8.2 నుంచి 8.1 దగ్గరికి దిగింది. 0.1 అంటే ఏముందిలే అనిపిస్తుంది. కానీ పీహెచ్ లాగరిథమ్ కొలత, అంకె ఒకటి దిగితే హైడ్రోజన్ అయాన్లు పది రెట్లవుతాయి. 8.2 దగ్గర లీటరుకు 6.3 నానోమోళ్లుండే హైడ్రోజన్ అయాన్లు 8.1 దగ్గర 7.9 అవుతాయి, అంటే 26 శాతం పెరుగుదల. ఉద్గారాలు ఇలాగే పెరుగుతూ పోతే ఈ శతాబ్దం చివరికి మరో 0.3 దాకా దిగుతుందని అంచనా. అప్పుడు కూడా 7.8. ఏడుకి పైనే, క్షారం వైపే. సముద్రం పుల్లబడదు.

మరి గుల్లకి కష్టం ఎక్కడొచ్చింది? సముద్రపు నీటిలో కరిగి ఉన్న కర్బనంలో నూటికి 90 వంతులు బైకార్బొనేట్, 9 లేదా 10 వంతులు కార్బొనేట్, ఒక వంతు కంటే తక్కువ విడి కార్బన్ డయాక్సైడ్. గుల్ల కాల్షియం కార్బొనేట్‌తో తయారవుతుంది. కొత్తగా వచ్చిన హైడ్రోజన్ అయాన్లు ఉన్న ఆ కాస్త కార్బొనేట్‌ను పట్టుకుని బైకార్బొనేట్‌గా మార్చేస్తాయి. మేస్త్రి గోడ కడుతుంటే పక్కనుంచి ఇటుకలు ఎత్తుకుపోతున్నట్టు ఉంటుంది వ్యవహారం. గోడ కట్టడం ఆగదు, కానీ ఒక్కో ఇటుకకీ తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడుకి అయ్యే శక్తి తిండి, ఎదుగుదల, సంతానం వాటాలోంచి పోతుంది.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బ లార్వాలకి, అంటే గుడ్డులోంచి వచ్చిన పసికూనలకి. ఆయిస్టర్ (రెండు చిప్పల గుల్లజీవి) లార్వా గుడ్డులోని కొవ్వునే పెట్టుబడిగా పెట్టుకుని మొదటి రెండు రోజుల్లో తొలి గుల్ల కట్టుకోవాలి. అదీ కాల్షియం కార్బొనేట్‌లో ఆరగోనైట్ అనే రకం, కాల్సైట్ అనే ఇంకో రకం కంటే సులువుగా కరిగేది. అమెరికాలో ఒరెగాన్ తీరాన నెటార్ట్స్ ఖాతం ఒడ్డునున్న విస్కీ క్రీక్ హేచరీలో (లార్వాల్ని పుట్టించి పెంచే కేంద్రం) 2007, 2008 సంవత్సరాల్లో ఆయిస్టర్ లార్వాలు కుప్పలుగా చచ్చిపోయాయి. మొదట బాక్టీరియా అనుకున్నారు. అసలు కారణం వేసవి గాలులకు అడుగునుంచి పైకొచ్చిన, కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న చల్లటి నీరు. సముద్రపు గడ్డి ఎండకి వాయువును పీల్చుకుని పీహెచ్ పెంచే మధ్యాహ్నం వేళ నీరు తోడుకోవడం, తొట్లలో సోడియం కార్బొనేట్ కలపడం మొదలుపెట్టాక హేచరీ నిలదొక్కుకుంది. హేచరీ, సీడ్, లార్వా అన్న మాటలు ఇంట్లో వినే పిల్లలకు ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పీతల్ని, రొయ్యల్ని ఇదే గాటన కట్టెయ్యకండి. వాటి పెంకు ఎక్కువగా కైటిన్ అనే వేరే పదార్థం, దాన్ని గట్టిపరచడానికే సున్నపు పదార్థం. ప్రయోగశాలల్లో కొన్ని రకాల పీతలు, రొయ్యలు కార్బన్ డయాక్సైడ్ ఎక్కువున్న నీటిలో మరింత బరువైన పెంకు కట్టిన సందర్భాలూ ఉన్నాయి. పిల్లలకు చెప్పాల్సింది ఆల్చిప్పలు, ఆయిస్టర్లు, నత్తగుల్లల సంగతి.

వెనిగర్‌లో చిప్ప

దీన్ని పూర్తిగా కొట్టిపారెయ్యం. అయిదు, ఆరు తరగతుల పిల్లలకు గుల్ల సున్నపు జాతి పదార్థమేనని, ఆమ్లం తగిలితే వాయువు వదులుతుందని చూపడానికి ఇంతకంటే సులువైనది లేదు. 5 శాతం వెనిగర్ 100 మి.లీ. సుమారు 4 గ్రాముల గుల్లను కరిగించగలదు. పలచటి గుల్ల 2 గ్రాములది వేస్తే అదే సరిపోతుంది. కోడిగుడ్డయితే ఒక రోజులో పెంకు పోయి పొర మిగులుతుంది.

కానీ ఇది ఆమ్లీకరణ పాఠం కాదని బల్ల గుద్ది చెప్పాలి. వెనిగర్ పీహెచ్ 2.5 దగ్గర. 7.8కీ దానికీ మధ్య హైడ్రోజన్ అయాన్ల తేడా రెండు లక్షల రెట్లు. పైగా వేసింది చచ్చిన చిప్ప. బతికున్న జీవి పెంకు మీద పొర వేసుకుంటుంది, అరిగినచోట మరమ్మతు చేసుకుంటుంది. ఏడో తరగతి దాటిన పిల్లలకు ఈ ఒక్క ప్రయోగంతో పాఠం ముగించడం కంటే ప్రయోగం లేకుండా బోర్డు మీద చెప్పడమే నయం.

బతికున్న గుల్లల్ని వెనిగర్‌లో గానీ సోడాలో గానీ వెయ్యొద్దు. ఏ తరగతికీ, ఏ కారణానికీ వద్దు. ఖాళీ చిప్పలు ఒడ్డున కావలసినన్ని దొరుకుతాయి. వాటికోసం ఋషికుల్య ముఖద్వారం వైపు మాత్రం వెళ్లకండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక అది. తాబేలు పిల్లలు గుడ్లలోంచి బయటికొచ్చే దాకా తరగతినంతా తీసుకెళ్లి తొక్కించకూడదు.

సున్నపు తేట, సోడా

మా దృష్టిలో ఖర్చు తక్కువ, సారం ఎక్కువ ఉన్న ప్రయోగం ఇదే. కారణం ఒకటుంది: ఇందులో వేరే ఆమ్లమేదీ లేదు. గుల్లలో ఉన్న పదార్థం, సముద్రాన్ని మారుస్తున్న వాయువు, రెండూ నేరుగా ఎదురుపడతాయి.

కిళ్లీ షాపులో దొరికే తమలపాకు సున్నం ఒక టీస్పూను తీసుకోండి. గుల్లసున్నం దొరికితే ఇంకా బాగుంటుంది, గుల్లని కాల్చి తీసిన సున్నం మళ్లీ గుల్ల పదార్థంగా మారడం పిల్లలు చూస్తారు. లీటరు నీళ్లలో వేసి బాగా కుదిపి, మూత బిగించి రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున పైతేటను మెల్లగా వంచి, మడతపెట్టిన గుడ్డలో వడకట్టి, నిండా నింపిన సీసాలో మూత పెట్టి దాచండి. సగం ఖాళీ సీసాలో దాస్తే గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తోనే పైన తెట్టు కట్టి తేట బలం తగ్గిపోతుంది. ఈ తేట పీహెచ్ 12 దాటి ఉంటుంది. కంట్లో పడితే ప్రమాదం. వంచే పని టీచరే చెయ్యాలి, కళ్లద్దాలు పెట్టుకోవాలి. చేతికి తగిలితే వెంటనే నీళ్లతో కడుక్కోవాలి.

తరగతిలో పెద్ద గాజు గ్లాసులో 30 మి.లీ. తేట పోసి వెనక నల్ల కాగితం పెట్టండి. బాగా చల్లబరచిన ప్లెయిన్ సోడా అప్పుడే మూత తీసి, 10 మి.లీ. చొప్పున పోస్తూ పోండి. మొదటి రెండు విడతల్లోనే గ్లాసంతా పాలలా తెల్లబడుతుంది. అది కాల్షియం కార్బొనేట్, గుల్ల పదార్థమే. పోస్తూనే ఉండండి. 100 నుంచి 150 మి.లీ. దగ్గర తెలుపు పలచబడి, నీరు మళ్లీ తేరుకుంటుంది. గుల్ల పదార్థం కళ్ల ముందే కరిగి బైకార్బొనేట్ అయింది.

ఇక్కడ చెడిపోయేవి మూడు. తియ్య సోడా, నిమ్మ సోడా వాడితే సిట్రిక్ ఆమ్లం పని చేస్తుంది, కార్బన్ డయాక్సైడ్ కాదు. సీసా మీద నీరు, కార్బన్ డయాక్సైడ్ తప్ప ఇంకే ఆమ్లం పేరూ ఉండకూడదు. వెచ్చగా ఉన్న సోడా, గట్టిగా కలియబెట్టిన సోడా వాయువును వదిలేస్తాయి కాబట్టి తెలుపు పోదు. మెల్లగా తిప్పాలి. సన్న బుడగల వల్ల కూడా నీరు మసకగా కనిపిస్తుంది, నిమిషం ఆగి చూడాలి.

సోడాకి బదులు స్ట్రాతో ఊదిస్తే? చాలా పుస్తకాల్లో అలాగే ఉంటుంది, చాలా తరగతుల్లో సగంలోనే ఆగిపోతుంది. తెల్లబడుతుంది గానీ ఎంత ఊదినా తేరుకోదు. ఊపిరిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతమే. ఆ బలానికి లీటరు నీటిలో కరిగి నిలిచే కాల్షియం కార్బొనేట్ 0.3 గ్రాముల దగ్గర. పూర్తి బలం ఉన్న తేటలో పుట్టేది 2 గ్రాముల పైనే. ఊదాలంటే ఒక వంతు తేటకి తొమ్మిది వంతులు ఆర్‌ఓ నీళ్లు కలిపి పలచన చెయ్యండి. తెలుపు తక్కువగా కనిపిస్తుంది గానీ పది నిమిషాలు ఓపికగా ఊదితే తేరుకుంటుంది. పిల్లలు పొరపాటున పీల్చకుండా స్ట్రా పైభాగంలో సూదితో చిన్న రంధ్రం చెయ్యండి. ఒకరి స్ట్రా ఇంకొకరికి వద్దు.

తేరుకున్న నీటిలో సగం స్టీలు గిన్నెలో పోసి అయిదు నిమిషాలు మరగనివ్వండి. వాయువు పోయి తెల్లపొడి మళ్లీ తేలుతుంది, నీళ్లు కాచే గిన్నె అడుగున కట్టే తెల్లటి పొర ఇదే. మార్పు రెండు వైపులా జరుగుతుందని ఇంత స్పష్టంగా చూపే ప్రయోగం ఇంకోటి లేదు.

తరగతిలో చురుకైనవాళ్లు ఒక ప్రశ్న వేస్తారు, వెయ్యాలి కూడా: "మొదట కార్బన్ డయాక్సైడ్ పోస్తే గుల్ల పదార్థం పుట్టింది కదా, మరి సముద్రానికి మేలే కదా?" సున్నపు తేటలో హైడ్రాక్సైడ్ దండిగా ఉంది. వాయువు మొదట దానితో కలిసి కార్బొనేట్ అయింది. ఆ హైడ్రాక్సైడ్ అయిపోయాక వచ్చిన వాయువు కార్బొనేట్ మీద పడింది. సముద్రంలో పీహెచ్ 8.1 దగ్గర అలాంటి హైడ్రాక్సైడ్ నిల్వ లేదు. సముద్రం ఉన్నది గ్లాసు తెల్లబడిన తరవాతి ఘట్టంలో. ఈ జవాబు చెప్పకుండా ప్రయోగం చేస్తే సగం మంది తలకిందులుగా నేర్చుకుంటారు.

ఫినాల్ రెడ్, సముద్రపు నీరు

సముద్రపు నీరే వాడి, దాని పీహెచ్ నిజంగా దిగడం చూపాలంటే ఇది. సూచికను, అంటే పీహెచ్‌ని బట్టి రంగు మారే పదార్థాన్ని, ఎంచుకోవడంలోనే గెలుపోటములున్నాయి. ఫినాఫ్తలీన్ 8.3 కింద రంగులేనిది, 8.1 నీటిలో ఏమీ కనిపించదు. పసుపు కాగితం క్షారం బాగా ఎక్కువైతేనే ఎర్రబడుతుంది, దీనికి పనికిరాదు. శంఖుపుష్పం రసం 8 నుంచి 6 దాకా నీలంగానే ఉండిపోతుంది. బ్రోమోథైమాల్ బ్లూ 7.6 నుంచి 6.0 మధ్య మారుతుంది, పర్వాలేదు. ఫినాల్ రెడ్ 8.2 దగ్గర గులాబీ ఎరుపు, 6.8 దగ్గర పసుపు. సముద్రానికి కావలసిన మెట్టు సరిగ్గా అదే. ఆక్వా షాపుల్లో, అక్వేరియం షాపుల్లో దొరికే కొన్ని పీహెచ్ కిట్లలో ఉండేది ఇదే. రంగుల చార్టు పసుపు నుంచి గులాబీ ఎరుపు దాకా ఉంటే అది ఫినాల్ రెడ్ అనుకోవచ్చు. పసుపు, ఆకుపచ్చ, నీలం ఉంటే బ్రోమోథైమాల్. ఏదీ దొరక్కపోతే చలికాలంలో బరంపురం మార్కెట్‌కి వచ్చే ఊదారంగు క్యాబేజీ ఆకులు నాలుగు తరిగి, వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి వడకట్టండి. నీలం నుంచి ఊదాకి మారుతుంది. మర్నాటికి పాడవుతుంది, ఏ రోజుది ఆ రోజే.

నీరు గోపాల్‌పూర్ లాంటి బాహాటమైన తీరంలో, నదీ ముఖానికి దూరంగా పట్టండి. సీసా గాలి లేకుండా నింపి, అదే రోజు వాడండి. నిల్వ ఉంచితే అందులోని సూక్ష్మజీవుల శ్వాసకే పీహెచ్ మారుతుంది. వానాకాలంలో బాహుదా ముఖం దగ్గర పట్టిన నీటిలో నది పాలెక్కువ. చిలికా నీరు ఈ ప్రయోగానికి అసలే వద్దు. నాచు, నీటి గడ్డి పగలు పీహెచ్‌ను పైకి లాగుతాయి, రాత్రి దింపుతాయి. అక్కడ కనిపించేది వాటి రోజువారీ ఊపే.

రాయగడ, కొరాపుట్, గజపతి జిల్లాల బడుల్లో సముద్రపు నీరు దొరకదు. అక్కడ తయారుచేసుకోవాలి. లీటరు ఆర్‌ఓ నీటికి 35 గ్రాముల కల్లుప్పు, 0.2 గ్రాముల వంటసోడా. ఆ 0.2 గ్రాములు తూచలేరు కాబట్టి 2 గ్రాముల వంటసోడాను లీటరు నీటిలో కరిగించి, అందులోంచి 100 మి.లీ. తీసుకోండి. ఉప్పును 900 మి.లీ. నీటిలో కలిపి రెండూ చేర్చండి. వంటసోడా మరిచిపోయి ఉప్పునీళ్లే చేస్తే ఫినాల్ రెడ్ వెయ్యగానే పసుపు వచ్చేస్తుంది, చూపడానికి ఏమీ మిగలదు. సముద్రానికి ఆ ఎరుపునిచ్చేది ఉప్పు కాదు, బైకార్బొనేట్. ఈ పొరపాటునే కావాలని పక్క గ్లాసులో చేసి చూపితే అదొక మంచి పాఠం.

రెండు చిన్న గ్లాసుల్లో 50 మి.లీ. చొప్పున నీరు, ఒక్కోదాంట్లో 6 చుక్కల సూచిక. ఒకటి బల్ల మీద వదిలెయ్యండి. రెండోదాన్ని పెద్ద గాజు జాడీలో పెట్టి, పక్కన ఇంకో చిన్న గిన్నెలో ఒక టీస్పూను వంటసోడా, దాని మీద 30 మి.లీ. వెనిగర్ పోసి జాడీ మూత వదులుగా పెట్టండి. బిగించొద్దు, వాయువు అర లీటరు పైనే వస్తుంది. కొన్ని నిమిషాల్లో నీటి పైభాగం నారింజ రంగు తిరిగి, పసుపు కిందికి దిగుతుంది. నీటిని ఎవరూ ముట్టుకోలేదు, పైనున్న గాలి మారిందంతే. ఈ ఒక్క దృశ్యం కోసమే ఈ పద్ధతిని ఇంతగా చెబుతున్నాం.

"వెనిగర్ ఆవిరి వల్లేమో" అని ఎవరైనా అనుమానిస్తే మెచ్చుకోండి, న్యాయమైన అనుమానమే. మరో సీసాలో 100 మి.లీ. గోరువెచ్చని నీరు, ఒక టేబుల్ స్పూను పంచదార, ఒక టీస్పూను బేకరీ ఈస్టు వేసి, మూతకి అక్వేరియం గొట్టం బిగించి, ఆ వాయువును నీటిలోకి పంపండి. వెనిగర్ లేదు, రంగు మాత్రం అలాగే మారుతుంది. తరవాత అక్వేరియం పంపుతో మామూలు గాలి పంపితే అరగంటలోపు ఎరుపు తిరిగొస్తుంది.

ఒక జాగ్రత్త. ఉప్పునీటిలో ఫినాల్ రెడ్ మంచినీటి చార్టుకి సరిగ్గా సరిపోదు, ఒకటి రెండు పదో వంతుల తేడా వస్తుంది. చార్టు చూసి "8.1 నుంచి 7.9" అని రాయించకండి. పైకా కిందికా అన్నది మాత్రమే రాయించండి.

రెండు వారాల తూకం

ప్రాజెక్టు పనికి, సైన్స్ ప్రదర్శనకి బాగుంటుంది. నగల తూకానికి వాడే 0.01 గ్రాము తక్కెడ లేకుండా మొదలుపెట్టకండి. వంటింటి తక్కెడ గ్రాముకి తక్కువ చూపదు, ఇక్కడ తేడా గ్రాములో పదో వంతుల్లో ఉంటుంది. ఒకే రకం, ఒకే సైజు ఖాళీ గుల్లలు, 1 నుంచి 2 గ్రాములవి, తొమ్మిది తీసుకోండి. బ్రష్‌తో తోమి, మంచినీటితో కడిగి, రెండు రోజులు ఎండబెట్టి తూచండి. మూడు గుల్లల్ని సోడా సీసాల్లో, మూడింటిని సముద్రపు నీటిలో, మిగతా మూడింటిని గ్యాసు పోయేలా మరిగించి చల్లార్చిన సోడాలో వెయ్యండి. ఈ మూడో గుంపు లేకపోతే ప్రయోగానికి విలువ లేదు, తేడా వాయువు వల్లనే అని చూపేది అదే. మూడు రోజులకోసారి సోడా మార్చి మూత గట్టిగా బిగించాలి. ఒక 300 మి.లీ. సీసా 0.3 గ్రాముల దగ్గర కరిగించి ఆగిపోతుంది, మార్చకపోతే తూకం అక్కడే నిలబడుతుంది.

తడి గుల్లను తూచడం, సముద్రపు నీటిలోంచి తీసినదాన్ని కడగకుండా ఆరబెట్టడం అందరూ చేసే తప్పులు. ఉప్పు పేరుకుని బరువు పెరిగినట్టు చూపిస్తుంది. గోధుమరంగు పైపొర ఉన్న గుల్ల నెమ్మదిగా కరుగుతుంది, ఆ పొర ఆమ్లానికి అడ్డు. దీన్ని పక్కన పెట్టి వేరుగా రాయించండి. సోడా పీహెచ్ 4 దగ్గర. ఇదీ సముద్రం కాదు, వేగం పెంచి చూపడమే. ఆ మాట చార్టు మీద పెద్ద అక్షరాలతో ఉండాలి.

మీటరుతో కొలతలు

రంగు కాగితాలతో ఈ పని కాదు, అవి ఒక్కో యూనిట్ చొప్పున చూపుతాయి. జేబు మీటరు తెరమీద 0.01 చూపినా చవకరకాల్లో నమ్మదగింది 0.1 వరకే. సముద్రం వందల ఏళ్ల మార్పంతా ఆ 0.1లోనే ఉంది కాబట్టి బీచిలో ఒకసారి కొలిచి "ఆమ్లీకరణ కనిపించింది" అనకూడదు. కొలిచే రోజునే 6.86, 9.18 బఫర్ పొడులు (కరిగిస్తే తెలిసిన పీహెచ్ ఇచ్చేవి) కరిగించి మీటరును సరిచెయ్యండి, 4.00తో కాదు, మనం కొలిచేది అటువైపు లేదు. మీటరు మొనను, అంటే ఎలక్ట్రోడును, తడిగా ఉంచేది నిల్వ ద్రావణంలో. ఆర్‌ఓ నీటిలో నానబెడితే ఎలక్ట్రోడు పాడవుతుంది. ఆర్‌ఓ నీటి పీహెచ్ కొలవబోతే అంకె నిలవదు కూడా, అందులో అయాన్లు చాలవు.

మీటరు నిజంగా ఉపయోగపడేది రొయ్యల చెరువు దగ్గర. తెల్లవారకముందు ఒకసారి, మధ్యాహ్నం మూడు గంటలకు ఒకసారి, వారం రోజులు. రాత్రి అన్ని జీవులూ ఊపిరి వదిలి పీహెచ్ దించుతాయి, పగలు నీటి మొక్కలు కార్బన్ డయాక్సైడ్ తినేసి పెంచుతాయి. సముద్రంలో వందేళ్లకి జరిగే పనికి కారణమైన రసాయనమే ఇక్కడ ఒక్క రాత్రిలో పనిచేస్తుంది. పిల్లల నాన్నల దగ్గర పాత పుస్తకాల్లో రాసిన అంకెలుంటే ఇంకా మంచిది.

మరి ఏది?

ఒక్క పీరియడ్, చేతిలో డబ్బు లేదు, ఎనిమిది నుంచి పది తరగతులు: సున్నపు తేట, సోడా. రెండు పీరియడ్లు ఉంటే దానికి ముందు ఫినాల్ రెడ్ జాడీ పెట్టండి. ముందు నీటి మార్పు, తరవాత గుల్ల పదార్థం మార్పు, ఆ వరస తిరగెయ్యొద్దు. ఇంటర్ పిల్లలకు చెరువు కొలతలు, లాగరిథమ్ లెక్క. ఆరో తరగతి దాకా వెనిగర్, కానీ సముద్రం పేరెత్తకుండా. తూకం ప్రయోగం ప్రతిరోజూ చూసుకునే ఇద్దరు ముగ్గురు దొరికితేనే. లేకపోతే రెండో వారానికి సీసాలు మూతలు లేకుండా మిగులుతాయి. బరంపురం విశ్వవిద్యాలయంలో సముద్ర శాస్త్ర విభాగం ఉంది. మీటరు సరిచూసుకోవడానికి సాయం అడిగి చూడండి.

అర్థమైందో లేదో తెలుసుకోవడానికి మూడు ప్రశ్నలు చాలు. పీహెచ్ 7.8 అయిన సముద్రపు నీరు పుల్లగా ఉంటుందా? "అవును" అంటే వెనిగర్ ఇంకా బుర్రలోనే ఉంది, జాడీ ప్రయోగం మళ్లీ చూపండి. పెద్ద ఆల్చిప్ప, రెండు రోజుల లార్వా, వీటిలో దేనికి ముందు కష్టం, ఎందుకు? "చిన్నది కాబట్టి" అన్నది సగం జవాబే. తొలి గుల్లకి గుడ్డులోని శక్తి తప్ప వేరే ఆధారం లేదన్న మాట రావాలి.

మూడోది పిల్లలే అడుగుతారు: చెరువుకి సున్నం చల్లినట్టు సముద్రానికి చల్లలేమా? కాదని కొట్టెయ్యకుండా లెక్క వేయించండి. మీటరు లోతున్న ఎకరం చెరువు అంటే సుమారు 4,000 ఘనపు మీటర్ల నీరు. గోపాల్‌పూర్ ముందర 20 కిలోమీటర్ల పొడవు, 10 కిలోమీటర్ల వెడల్పు, సగటున 20 మీటర్ల లోతు అనుకుంటే 400 కోట్ల ఘనపు మీటర్లు, అంటే పది లక్షల చెరువులు. పైగా ప్రవాహం ఆ నీటిని అక్కడ ఉండనివ్వదు, గాలిలోంచి వాయువు దిగడమూ ఆగదు. ఒరెగాన్ హేచరీ నీటిని బాగుచేసుకోగలిగింది, అది తొట్టిలో ఉంది కాబట్టి.